ఏడుగురి కుటుంబంతో విశాఖ, అరకు: నాలుగు రోజుల ప్రయాణాన్ని ఎలా అమర్చుకోవాలి

మేము వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన రాత్రి మా మరిది చేతిలో ఉన్న కాగితం మీద పందొమ్మిది పేర్లున్నాయి. సింహాచలంతో మొదలై చాపరాయి దాకా సాగిన ఆ జాబితాను నాలుగు రోజుల్లో పూర్తిచేయాలన్నది సంకల్పం. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య, మా వారు, నేను, మరిది, తోడికోడలు, పదకొండేళ్ళ మా అబ్బాయి, ఆరేళ్ళ వాళ్ళ పాప, వెరసి ఏడుగురం. శనివారం దిగి సింహాచలం వెళితే క్యూలోనే సగం పూట గడిచింది. ఆదివారం అరకు వెళితే ఘాట్ రోడ్డు మీద బండ్ల బారు కదలలేదు. సోమవారం సబ్‌మెరైన్ చూద్దామని వెళితే ఆ రోజు దానికి సెలవు. మంగళవారం రైలెక్కాక మా అబ్బాయి ఆ కాగితం మీద లెక్కపెట్టి పన్నెండు చూశామని తేల్చాడు కానీ, ఆ పన్నెండింటిలో ఐదింటిని బండి కిటికీలోంచే చూశామని వాడే ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది అదే ఏడుగురం అదే ఊరికి మళ్ళీ వెళ్ళాం. రెండోసారి పాటించిన పద్ధతినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళూ చిన్నపిల్లలూ కలిసి బయలుదేరుతుంటే ఇది పనికొస్తుంది.

జాబితా రాయడం, కొట్టేయడం

ముందుగా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, చూడాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఈ దశలో దేన్నీ వద్దనకండి. తరువాత ప్రతి ఒక్కరినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడగండి: ఈ ప్రయాణంలో ఏ ఒక్కటి చూడకపోతే నీకు వెలితిగా ఉంటుంది? మా అత్తయ్య సింహాచలం అంది, అబ్బాయి సబ్‌మెరైన్ అన్నాడు, పాప సముద్రం అంది, తోడికోడలు అరకు రైలు అంది, మా వారు కాఫీ తోటలన్నారు, మరిది బొర్రా గుహలన్నాడు. నేను భీమిలి అన్నాను. పందొమ్మిది పేర్ల నుంచి ఏడు మిగిలాయి. ఈ ఏడూ తప్పనిసరి, తక్కినవి దారిలో కాలం మిగిలితేనే. కైలాసగిరి ఎవరి నోటా రాకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. మొదటిసారి అక్కడ బొమ్మ రైలు కోసం నిలబడ్డ నలభై నిమిషాలే అందుకు కారణం కావచ్చు.

ఇది పిల్లల మాట నెగ్గించడానికి చేసే ఉపాయం అనుకోకండి. తన కోరిక ఒకటి తప్పక తీరుతుందని తెలిసిన మనిషి తక్కినచోట్ల ఓపికగా కూర్చుంటాడు. అది తెలియనప్పుడే ప్రతి మలుపు దగ్గరా ఇక్కడ ఆపుదాం, అక్కడ ఆపుదాం అనే గొడవ మొదలవుతుంది.

దిక్కుల వారీగా విడదీయడం

విశాఖ ఒక కేంద్రం చుట్టూ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు, సముద్రం పక్కన పొడుగ్గా సాగిన ఊరు. అందువల్ల మీరు ఎంచుకున్న చోట్లను నాలుగు దారులుగా విడదీయండి. మొదటిది ఆర్.కె. బీచ్ నుంచి ఉత్తరంగా కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ మీదుగా భీమిలి వరకూ పోయే బీచ్ రోడ్డు. రెండోది ఓడరేవుకు ఆవలి వైపునున్న డాల్ఫిన్స్ నోస్ కొండ, యారాడ బీచ్. మూడోది ఊరికి వాయవ్యంగా ఉన్న సింహాచలం. నాలుగోది శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి బొర్రాకూ అరకుకూ చేరే కొండదారి. ఒక పూటకు ఒక దారి మాత్రమే పెట్టుకోండి. పొద్దున యారాడ, మధ్యాహ్నం భీమిలి అని రాసుకున్న రోజున మీరు ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా దాటుతారు, ఆ దాటడంలోనే ఎండ నడినెత్తికి వస్తుంది.

మీ ఏడుగురిలో యారాడ ఎవరూ కోరకపోతే ఆ దారిని పూర్తిగా వదిలేయండి. మేము వదిలేశాం.

అసలు కాలాన్ని లెక్కకట్టడం

ఫోనులో మ్యాపు చూపే నిమిషాలు ఒంటరిగా బైకు మీద పోయేవాడివి. కుటుంబం నిమిషాలు వేరే ఉంటాయి. మొదటి ప్రయాణంలో హోటల్ నుంచి కైలాసగిరికి మ్యాపు ఇరవై నిమిషాలన్నది. ఏడుగురం కిందికి దిగి లెక్క సరిపోయేసరికే పాతిక నిమిషాలు పట్టింది, ఎందుకంటే పాప చెప్పులు పై అంతస్తులో మరిచిపోయాం. దారికి పాతిక, బండి నిలిపే చోటు దొరికి టిక్కెట్లు తీసుకునేసరికి పావుగంట, మరుగుదొడ్డికి పావుగంట, శివపార్వతుల విగ్రహాల ముందు అందరూ కలిసిన ఒక్క ఫొటో కోసం పది నిమిషాలు, ఐస్‌క్రీముకు పావుగంట గడిచాయి. బొమ్మ రైలు సంగతి పైనే చెప్పాను. తిరిగి బండెక్కేసరికి రెండున్నర గంటలు దాటింది. సముద్రాన్ని పైనుంచి చూస్తూ ఊరికే నిలబడ్డది మహా అయితే పది నిమిషాలు.

కాబట్టి ఒక్కొక్క చోటుకూ మ్యాపు చెప్పిన కాలానికి కనీసం గంట కలపండి. ఆ లెక్కన పొద్దున ఒక పెద్ద చోటు, సాయంత్రం ఒక పెద్ద చోటు, మధ్యలో భోజనం, నిద్ర మాత్రమే పడతాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకూ విశాఖలో ఉక్కపోత ఎక్కువ, ఆ మూడు గంటలు గదిలో ఉండటం సోమరితనమేమీ కాదు. హోటల్‌ను కూడా ఈ లెక్కతోనే ఎంచుకోండి. మధ్యాహ్నం తిరిగి రాగలిగేంత దగ్గరలో, బీచ్ రోడ్డుకు నడకదూరంలో ఉన్న మామూలు గది, దూరంగా ఉన్న ఖరీదైన గదికన్నా మేలు.

ఏ రోజున ఏది

మేము మొదటిసారి చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. సబ్‌మెరైన్ మ్యూజియమైన ఐ.ఎన్.ఎస్. కురుసురకూ, జంతు ప్రదర్శనశాలకూ సోమవారం సెలవు. సింహాచలంలో శనివారం, ఆదివారం భక్తుల రద్దీ ఎక్కువ. అరకులో శని, ఆదివారాల్లో, ముఖ్యంగా డిసెంబరు, జనవరి నెలల్లో, గదులు దొరకవు, ఘాట్ రోడ్డు నిండిపోతుంది. అందువల్ల వీలైతే మంగళవారం పొద్దున విశాఖలో దిగి శుక్రవారం సాయంత్రం తిరుగురైలు ఎక్కేలా చూసుకోండి. పిల్లల బడి వల్ల వారాంతం తప్పనిసరి అయితే గురువారం దిగి, శుక్రవారం కొండెక్కి, శనివారం జనం పైకి వెళ్ళే వేళకు మీరు కిందికి దిగండి. వేళలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు రోజు ప్రతి చోటుకూ ఒకసారి ఫోను చేసి కనుక్కోండి.

కాలం కూడా చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ అన్నివిధాలా అనుకూలం. నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు లోయలో వలిసె అనే నూనెగింజల పంట చేలు పసుపుపచ్చగా పూస్తాయి. అక్టోబరు తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. వానల్లో కొండచరియలు పట్టాల మీద పడి అరకు రైలు ఆగిపోవడం కూడా జరుగుతూ ఉంటుంది. ఇక అక్షయ తృతీయనాడు సింహాచలంలో చందనోత్సవం. ఏడాది పొడుగునా చందనంతో కప్పి ఉండే స్వామి నిజరూపం ఆ ఒక్కరోజే దర్శనమిస్తుంది కనుక లక్షల మంది వస్తారు. ఆ దర్శనం కోసమే వెళ్ళేవారు దానికే వెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని, ఆరేళ్ళ పాపను వెంటబెట్టుకుని తిరిగే ప్రయాణాన్ని ఆ రోజుకు తగిలించకూడదు.

మొదటి రోజు

రాత్రి రైలు దిగిన వెంటనే ఎక్కడికీ వెళ్ళకండి. హైదరాబాదు వైపు నుంచి వచ్చే రైలు ఆరు గంటల ప్రాంతంలో దిగుతుంది, అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు ఏడు లోపే బయలుదేరుతుంది కదా, ఒకదాని నుంచి ఒకటి పట్టుకుంటే ఒక రోజు కలిసివస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మా ఇంట్లో మరిది అన్నాడు. మొదటి రైలు ముప్పావుగంట ఆలస్యమైతే రెండో రైలు టిక్కెట్లన్నీ వృథా. పైగా నిద్రలేని పిల్లలు సొరంగాల మధ్య నిద్రపోతారు తప్ప కిటికీలోంచి ఏమీ చూడరు.

స్నానాలు, టిఫిన్లు, నిద్ర అయ్యాక సాయంత్రం నాలుగున్నరకు కురుసుర దగ్గరికి నడవండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ జలాంతర్గామిని 2002లో ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చారు. పొడవు తొంభై మీటర్ల పైమాటే అయినా లోపల నడవాల్సిన దారి ఒక మనిషి పట్టేంతే ఉంటుంది. ఒక గది నుంచి మరో గదికి వెళ్ళే ద్వారం గుండ్రంగా, మోకాలి ఎత్తు గడపతో ఉంటుంది. తల వంచి, ఒక కాలు ముందుకు వేసి, పక్కనున్న కడ్డీ పట్టుకుని రెండో కాలు లాక్కోవాలి. మా అబ్బాయి దాన్ని ఆటలా దాటాడు, అత్తయ్యకు అది సాధ్యం కాదని మొదటి ద్వారం దగ్గరే తెలిసిపోయింది. మోకాళ్ళ నొప్పులున్నవారిని లోపలికి బలవంతంగా తీసుకువెళ్ళకండి, వెనక జనం ఒత్తిడి ఉంటుంది, తిరిగి రావడానికి దారి ఉండదు. వారికి రోడ్డుకు ఆవలి వైపునున్న టీయూ-142 విమాన మ్యూజియం సులభం. ఇరవై తొమ్మిదేళ్ళు నౌకాదళానికి పనిచేసిన ఆ విమానాన్ని 2017 డిసెంబరు నుంచి చూపిస్తున్నారు. తరువాత అందరూ ఇసుకలో కూర్చోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఆర్.కె. బీచ్‌లోనూ యారాడలోనూ అలలు కాలిని లాగేస్తాయి, చీలమండ దాటి నీళ్ళలోకి దిగకండి. ప్రాణాలు పోయిన సంగతులు ప్రతి ఏడూ వార్తల్లో చదువుతూనే ఉన్నాం. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషి ఫోను జేబులో పెట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడాలి, ఆ మనిషి పేరు ముందే చెప్పుకోవాలి. అందరూ ఉన్నారు కదా అనుకున్నచోట ఎవరూ చూడరు.

రెండో రోజు: కొండ మీదికి

మీ ప్రయాణమంతటిలో ఎక్కువ జాగ్రత్త కావలసింది అరకు గురించే. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ట్రావెల్స్ వాళ్ళు ఒక్కరోజులో తీసుకువెళ్ళి తీసుకొస్తామంటారు, ఆ కరపత్రంలో టైడా, అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ, బొర్రా గుహలు, కటికి జలపాతం, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి అన్నీ ఉంటాయి. మేము మొదటిసారి సరిగ్గా అదే చేశాం. పోనూ రానూ ఏడు గంటలు బండిలోనే అయింది, మిగిలినదాన్ని ఎనిమిదితో భాగిస్తే ఏం మిగులుతుందో మీరే చూసుకోండి. చాపరాయికి చేరేసరికి చీకటిపడింది, నీటి చప్పుడు మాత్రం విని వచ్చాం. పెద్దలూ పిల్లలూ ఉన్నవారు అరకులో ఒక రాత్రి ఉండి తీరాలి. పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత అతిథిగృహాలు అరకులోనూ అనంతగిరిలోనూ ఉన్నాయి, ప్రైవేటు గదులు కూడా చాలా ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు పెట్టుకోండి. 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస, కిరండూల్ మార్గమిది. యాభైకి పైగా సొరంగాలున్నాయి. 2017లో దీనికి అద్దాల బోగీ తగిలించారు. దానిలో సీట్లు త్వరగా అయిపోతాయి కనుక ఊరి నుంచి వచ్చే రైలు టిక్కెట్ల కన్నా ముందు వీటినే తీసుకోండి. దొరకకపోతే మామూలు రిజర్వు బోగీలో కిటికీ పక్కన కూర్చున్నా కొండలు అవే, లోయలు అవే. ఎంత ఖర్చుపెట్టినా సొరంగంలో చీకటి చీకటే, పిల్లలు అరిచే అరుపు మామూలు బోగీలోనే ఎక్కువ బాగుంటుందని నా అభిప్రాయం.

మాట్లాడుకున్న బండిని మాత్రం ఖాళీగా ముందే పైకి పంపి, బొర్రా గుహలు స్టేషనుకు రమ్మనండి. మీరు దిగేసరికి గుహలు తెరిచే వేళ అవుతుంది, రోడ్డు మీద వచ్చే జనం ఇంకా చేరరు.

గుహ ముఖద్వారం చాలా పెద్దది. లోపలికి మెట్లున్నాయి, దీపాలున్నాయి, సున్నపురాతి ఊడలు పైనుంచి వేలాడుతుంటాయి, నీరు చుక్కచుక్కగా పడి మెట్లు కొన్నిచోట్ల తడిగా ఉంటాయి. అంతా దిగుడే. అదే మోసం. మొదటిసారి మా అత్తయ్య ఉత్సాహంగా మనవరాలి చెయ్యి పట్టుకుని శివలింగం దాకా వెళ్ళింది, తిరిగి వచ్చేటప్పుడు నాలుగుచోట్ల కూర్చుంది. మూడోసారి కూర్చున్నప్పుడు కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "దిగేటప్పుడు ఏం తెల్వలే బిడ్డా, ఎక్కేటప్పుడే తెలుస్తాంది" అంది. అందుచేత పెద్దవారికి మొదటి విశాలమైన గది వరకే అని ముందే చెప్పండి. గుహ గొప్పతనంలో సగానికి సగం అక్కడి నుంచే కనిపిస్తుంది. వారితోపాటు ఇంట్లో ఒకరు తప్పకుండా ఆగాలి, వారిని బండిలో ఒంటరిగా కూర్చోబెట్టి పోవడం మర్యాద కాదు. జారని చెప్పులు వేసుకోండి. తినే వస్తువులు చేతిలో పట్టుకుని నడవకండి, బయట కోతులు కాచుకుని ఉంటాయి.

కటికి జలపాతానికి బొర్రా దగ్గర నుంచి జీపుల మీద రాళ్ళదారిలో పోయి, ఆపైన నడవాలి. పెద్దవాళ్ళు వెంట ఉంటే దాన్ని వదిలేయండి.

సాయంత్రం అరకులో గిరిజన మ్యూజియం ఒక్కటి చాలు. గిరిజనుల ఇళ్ళు, పనిముట్లు, వేట, పెళ్ళి అన్నీ బొమ్మలుగా అమర్చి ఉంటాయి, పిల్లలు ప్రశ్నలడిగే చోటు అది. రాత్రికి బొంగులో చికెన్ తినండి, కానీ మీ కళ్ళెదుట బొంగు నిప్పుల మీద పెట్టించుకుని తినండి, అరగంట ఆగాల్సివచ్చినా సరే. చలి ఉంటుంది, ఒక్కొక్కరికీ ఒక స్వెటరు సరిపోతుంది.

సామాను గురించి ఇక్కడే చెప్పాలి. మేము మొదటిసారి ఏడుగురికి పదకొండు సంచులు తీసుకువెళ్ళాం, అందులో ఒకటి పూర్తిగా జంతికలూ సకినాలూ. రెండోసారి కొండమీదికి ఒక రాత్రి బట్టలతో రెండు సంచులు మాత్రమే తీసుకుని, తక్కినవి విశాఖ హోటల్‌లోనే అప్పగించాం. మూడో రోజు తిరిగి అక్కడే గది తీసుకుంటామంటే చాలా హోటళ్ళవాళ్ళు ఒప్పుకుంటారు. అడగండి.

మూడో రోజు: కిందికి

పొద్దున పద్మాపురం తోట, లేదా చాపరాయి, రెండింటిలో ఒకటే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల కోసం కూరగాయలు పండించిన చోటు పద్మాపురం, ఇప్పుడు బొమ్మ రైలుతో పిల్లల తోటగా ఉంది. చాపరాయి డుంబ్రిగూడ దారిలో, పరుచుకున్న బండమీదుగా నీరు జారే చోటు. పిల్లలు తడిసి తీరుతారు, మారు బట్టలు పై సంచిలో పెట్టుకోండి. నాచు పట్టిన రాయి మీద పెద్దలు నడవకూడదు.

పదకొండు లోపు అరకు వదిలేయండి. అనంతగిరి దగ్గర కాఫీ తోటల పక్కన బండి ఆపించి, నాలుగడుగులు లోపలికి నడవండి. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియపు తీగలు కనిపిస్తాయి. ఒకే నేలలో మూడు పంటల పొదుపు చూసి మా వారు అక్కడి నుంచి కదలనన్నారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందో లేదో అడిగి తీసుకోండి.

ఘాట్‌లో మలుపులెక్కువ. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు పొద్దున పూరీలు మాని ఇడ్లీతో సరిపెట్టుకోవాలి, ముందు సీటులో కూర్చోవాలి. డాక్టరును అడిగి మాత్ర ముందే తెచ్చుకోవాలి, ఎందుకంటే కొండమీద రాత్రిపూట మందుల దుకాణం కోసం తిరగడం కష్టం. ప్లాస్టిక్ కవర్లు రెండు చేతికందేలా పెట్టుకోండి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, విడిపోతే ఎక్కడ కలవాలో బండి దిగగానే అనుకోండి.

బండివాడితో బేరం ముందే పూర్తిచేయాలి. కిలోమీటరు లెక్కనా, రోజు లెక్కనా, రాత్రి బత్తా ఎంత, టోలు, పార్కింగు ఎవరివి అని అన్నీ ఫోనులో రాసి పంపించండి. మేమడిగినచోట్ల తప్ప దుకాణాల దగ్గర ఆపనక్కర లేదని నవ్వుతూనే చెప్పండి. అతని భోజనం సంగతి మాత్రం మరిచిపోకండి, ఘాట్ దిగేది అతని చేతులే.

నాలుగో రోజు

అత్తయ్య కోరిన సింహాచలం ఈ రోజు పొద్దున్నే. ఆరింటికల్లా బయలుదేరితే ఎండ ముదరక ముందే దర్శనం అయిపోతుంది. బండి కొండమీద దాకా వెళ్తుంది. గుడిలో కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరుకోవడం ఆచారం, అక్కడ వరుస ఉంటుంది, దానికి పావుగంట అట్టేపెట్టుకోండి.

అక్కడి నుంచి తిన్నగా భీమిలి. నేను భీమిలి ఎందుకు కోరానంటే, బొర్రా గుహలను కోస్తూ పారే గోస్తనీ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. మొన్న గుహలో చుక్కలుగా పడ్డ నీరు ఇదేనని చూపిస్తే, మా పాప చాలాసేపు ఆ మొగ దగ్గర కూర్చుని నీళ్ళ రంగు మారేచోటు వేలితో చూపించింది. డచ్చివారి సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. తిరుగుదారిలో తొట్లకొండ బౌద్ధారామం వస్తుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చిన పేరది. అక్కడ నీడ లేదు. పన్నెండు దాటితే ఎక్కకండి, దారిమీది నుంచే దండం పెట్టి రండి.

సాయంత్రం రైలుకు ముందు రెండు గంటలు ఏ పనీ పెట్టుకోకండి. మాడుగుల హల్వా, ఏటికొప్పాక లక్క బొమ్మలు కొనాలనుకుంటే ముందురోజు రాత్రే కొనేయండి. మేము మొదటిసారి రైలు వేళకు హల్వా కోసం జగదాంబ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మరిది ఒక చేత్తో హల్వా డబ్బాలు, ఒక చేత్తో పాపను ఎత్తుకుని, కదులుతున్న బోగీ పక్కన పరుగెత్తాడు.